భీమిలిలో బుల్లి హీరోలు!

మన సినిమాల్లో సముద్రానికి రెండే పనులు. ప్రేమికులు కలిస్తే పాట, విడిపోతే కెరటాల హోరు! హీరోయిన్ చీర చెంగు తడుస్తుందే గాని, ఆ చెంగు పట్టుకుని "అమ్మా, ఒంటేలు" అనే నాలుగేళ్ళ పిల్ల ఏ డైరెక్టరు ఫ్రేములోనూ కనబడదు. అసలు బీచ్‌లో కథ నడిపేది మాత్రం ఆ పిల్లే!

ఈ మధ్య మా అక్క, బావ, వాళ్ళ పిల్లలిద్దరితో విశాఖలో నాలుగు రోజులున్నాను. వాడికి ఏడేళ్ళు, దానికి నాలుగు. సముద్రంలో పొద్దు గుంకడం చూపిస్తానని బావ బయల్దేరేముందే పిల్లలకి మాట ఇచ్చేశాడు. తూర్పు తీరం కదండీ! ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక్కి దిగుతాడు. మా మేనల్లుడు ఆర్కే బీచ్‌లో అరగంట సముద్రంకేసే చూసి, "మామయ్యా, ఇంకా రాడేంటి?" అన్నాడు. మర్నాడు అయిదింటికే లేపి చూపించాం, మాట దక్కించుకోడానికి!

ఆ పక్కనే ఉన్న 'కుర్సురా' జలాంతర్గామి పిల్లలకి తెగ నచ్చింది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డున మ్యూజియంగా స్థిరపడింది. తొంభై మీటర్ల పొడవున్నా లోపల పెద్దవాళ్ళు ఒదిగి ఒదిగి నడవాలి. పిల్లలకా బాధే లేదు!

నా మనసంతా భీమిలి మీదే. 1978లో బాలచందర్ గారు 'మరో చరిత్ర' తీశాక ఆ పేరు వింటేనే చాలామందికి గుండె బరువెక్కుతుంది. సరితకి అదే మొదటి సినిమా. నలుపు తెలుపుల్లో చూసిన ఆ సముద్రాన్ని రంగుల్లో చూస్తే నాకేదో తక్కువైనట్టే అనిపించింది.

విశాఖ నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు, దారి పొడుగునా కుడిపక్కన సముద్రం. భీమిలిలో దిగగానే బావ పిల్లల కోసం కెరటాలు లేని చోటు వెతికాడు. అటూ ఇటూ తెల్లగా నురగలు విరుగుతుంటే మధ్యలో కాస్త మేర చెరువులా ఉంది. అక్కడే దిగాడు, ఇద్దరి చేతులూ పట్టుకుని.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు: "బాబూ! గుంటల్ని ఇవతలికి లాగీయండి. కెరటం లేదని దిగినారేటి? అక్కడే లోపలికి లాగెత్తాది!"

ఆ మాట పూర్తయ్యేలోగానే పిల్ల కాళ్ళు నేల విడిచాయి. బావ చెయ్యి వదల్లేదు గనక సరిపోయింది. ఒడ్డున అక్క నోట మాట లేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కెరటాలతో ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి వెళ్ళడానికి లోతైన సన్నటి దారి చూసుకుంటుంది. లోతు గనక అక్కడ కెరటం విరగదు. చూడ్డానికి నెమ్మది, దిగితే లోపలికి లాగుడు! దీన్నే రిప్ కరెంట్ అంటారు. గజ ఈతగాడైనా దానికెదురు ఈదితే అలిసిపోతాడు. తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ దారి తప్పించుకున్నాక కెరటాలతో పాటు ఒడ్డుకి రావాలి. ఇదంతా ఈత వచ్చినవాళ్ళకి. పసివాళ్ళ విషయంలో పెద్దవాళ్ళు చెయ్యందేంత దూరంలో, సముద్రం వైపే నిలబడాలి. గాలి ట్యూబుందన్న ధీమా అసలు వద్దు; అదీ లోపలికే పోతుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది కూడా భీమిలిలోనే. అలాంటి మొగల దగ్గర పిల్లల్ని దించనేకూడదు.

మర్నాడు ఋషికొండలో మా మేనల్లుడు చెల్లెల్ని ఇసుకలో కూర్చోబెట్టి, నడుం మీద చేతులు వేసుకుని సముద్రాన్ని పరీక్షించాడు. "అక్కడ కెరటాలు లేవే, వద్దు!" అని తీర్పు చెప్పాడు. చెల్లెలు వింటేగా! అప్పటికే ముంతమసాలా బండి వెనకాల పరిగెడుతోంది.