సర్వర్ల ముందు కంట్రోల్ రూమ్

మహారాష్ట్ర సరిహద్దు ఊరు అంకిసలో ఇంట్లో మాట తెలుగు, పదో తరగతి మాత్రం ఆ రాష్ట్ర బోర్డుది. గోదావరి అవతల తెలంగాణలో ఉన్న చుట్టాల పిల్లలది వేరే బోర్డు. ఏ ఒడ్డున ఉన్నా ఫలితాల రోజు తిప్పలు ఒక్కటే: హాల్ టికెట్ నంబరు కొట్టి, తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి. లక్షలమంది ఒకేసారి మీద పడితే ఏ ఒక్క సర్వరూ తట్టుకోలేదు. అందుకే ఒకే చిరునామా వెనక చాలా సర్వర్లు పెట్టి, వచ్చే రద్దీని వాటికి పంచుతారు. ఆ పని చేసేదే లోడ్ బ్యాలెన్సర్.

చాలాకాలం అది విడిగా కొనుక్కోవాల్సిన ఖరీదైన పెట్టె. నెట్‌వర్కులోని స్విచ్‌లు, రూటర్లకేమో దాని బాధ పట్టదు. దేని దారి అదే లెక్కేసుకునేది. పుష్కరాల్లో ప్రతి కూడలి పోలీసూ తన ఎదుటి జనాన్ని మాత్రమే చూసి మళ్లిస్తే ఒక ఘాట్ కిక్కిరుస్తుంది, పక్క ఘాట్ ఖాళీగా ఉంటుంది. అన్ని ఘాట్లూ కనిపించే కంట్రోల్ రూమ్ ఉండాలి.

నెట్‌వర్కుకు అలాంటి కంట్రోల్ రూమ్ స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. అక్కడ పరిశోధక విద్యార్థిగా ఉన్న మార్టిన్ కసాడో, నిక్ మెకియోన్, స్కాట్ షెంకర్ తదితరులతో కలిసి 2007లో 'ఈథేన్' నమూనాను ప్రకటించాడు. నిర్ణయం ఒకచోట, మోత మరోచోట అన్నది దాని సూత్రం. 2008లో వచ్చిన 'ఓపెన్‌ఫ్లో' ఆ రెండింటి మధ్య ఉమ్మడి భాష అయింది. ఈ పద్ధతికే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్, పొట్టిగా ఎస్‌డీఎన్ అని పేరొచ్చింది.

పని ఇలా జరుగుతుంది. కొత్త మనిషి పంపిన మొదటి ప్యాకెట్ (డేటా ముక్క) స్విచ్‌కు చేరుతుంది. దాన్నెటు పంపాలో చెప్పే నియమం స్విచ్ పట్టికలో లేకపోతే, కంట్రోల్ రూమ్ పని చేసే కంట్రోలర్‌ను అడుగుతుంది. కంట్రోలర్ ఏ సర్వర్ తీరిగ్గా ఉందో చూసి, 'ఇతని ప్యాకెట్లలో గమ్యం చిరునామా మార్చి ఫలానా సర్వర్‌కు పంపు' అని పట్టికలో రాస్తుంది. ఆ తర్వాతి ప్యాకెట్లు ఎవర్నీ అడగకుండా దూసుకుపోతాయి. 2009లో స్టాన్‌ఫర్డ్ బృందం 'ప్లగ్-ఎన్-సర్వ్' పేరుతో దీన్ని చేసి చూపింది. సర్వర్ల భారంతో పాటు దారిలోని రద్దీనీ లెక్కలోకి తీసుకుని పంచడం అందులో విశేషం.

చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రతి కొత్తవాడి కోసం కంట్రోలర్‌ను అడగాల్సి వస్తే రద్దీ సర్వర్ల నుంచి కంట్రోలర్ మీదికి మారుతుందంతే. స్విచ్ పట్టికలో పట్టే నియమాలూ తక్కువే. 2011లో వచ్చిన 'డెవోఫ్లో' పత్రం దీన్నే ఎత్తిచూపింది. దాని రచయితల్లో ప్రవీణ్ యలగందుల ఒకరు, ఇంటిపేరు మనదే. చిన్నాచితకా డేటా ప్రవాహాలను స్విచ్‌కే వదిలేసి, పెద్దవాటినే కంట్రోలర్ చూసుకోవాలన్నది వారి వాదన.

అదే ఏడాది ప్రిన్స్‌టన్‌కు చెందిన రిచర్డ్ వాంగ్, జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్ బృందం మరో ఉపాయం చెప్పింది. అడిగేవారి కంప్యూటర్ల చిరునామాలన్నీ చివరికి సున్నాలు, ఒకట్లే కదా! మూడు సర్వర్లకు 4:3:1 పాళ్లలో పని పంచాలనుకుందాం. 1తో మొదలయ్యే చిరునామాలు మొదటి సర్వర్‌కు, 00తో, 010తో మొదలయ్యేవి రెండోదానికి, 011తో మొదలయ్యేవి మూడోదానికి. చిరునామాలు సమంగా పరుచుకుని ఉంటే నాలుగంటే నాలుగు నియమాలతో లెక్క సరిపోయింది. జనం రాకముందే ఇవి పట్టికలో ఉంటాయి కాబట్టి అడగాల్సిన పనే లేదు.

2012లో కసాడో సంస్థ నిసిరాను వీఎంవేర్ 126 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. తన డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్కును ఎస్‌డీఎన్‌తో నడుపుతున్నట్టు గూగుల్ కూడా అదే ఏడాది వెల్లడించింది. లోడ్ బ్యాలెన్సింగ్‌ను కూడా మామూలు సర్వర్ల మీద నడిచే 'మాగ్లెవ్' సాఫ్ట్‌వేర్‌తోనే చేస్తున్నామని 2016లో చెప్పింది. పాత పెట్టె పని సాఫ్ట్‌వేర్ చేతికొచ్చింది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. అలాంటి చోట లోడ్ బ్యాలెన్సర్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు.

కాబట్టి ఫలితాల రోజు సైటు కూలిపోతే యంత్రాన్ని తిట్టి లాభం లేదు. ముందురోజే నియమాలు రాసి, పరీక్షించి పెట్టుకోవాలి. అయితే సర్వర్ల దగ్గర ఎంత బాగా పంచినా, ఊళ్లో సిగ్నల్ సన్నగా ఉంటే ఈ విద్య అక్కడ పనికిరాదు. సైట్లు నడిపేవారు పేజీని బొమ్మల్లేకుండా తేలిగ్గా ఉంచాలి, ఎస్సెమ్మెస్ దారీ తెరిచిపెట్టాలి. అంకిస లాంటి ఊళ్లకు ఆ రెండూ తప్పనిసరి.