నల్ల తెరలోంచి ఫైళ్ల విండో ఎలా వస్తుంది?

టెర్మినల్‌లో అన్నీ అక్షరాలే కదా, మరి ఫైలు ఎంచుకునే విండో అక్కణ్నుంచి ఎలా వస్తుంది? నిజానికి టెర్మినల్ దాన్ని గీయదు. లినక్స్‌లో జెనిటీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. దాని పేరు కొట్టి, పక్కన రెండు అడ్డగీతలతో ‘ఫైల్-సెలెక్షన్’ అని చేరిస్తే విండో ప్రత్యక్షం. మౌస్‌తో ఫైలు ఎంచుకోగానే విండో మాయమై, ఆ ఫైలు పూర్తి చిరునామా టెర్మినల్‌లో పడుతుంది. పొడవాటి పేర్లు టైపు చేసే బాధ లేదు.

ఫైలు మాత్రం తెరుచుకోదు! చాలామంది తికమకపడేది ఇక్కడే. జెనిటీ పని అడిగి చెప్పడం వరకే. ఆ చిరునామాతో ఏం చేయాలన్నది తర్వాతి కమాండ్ చూసుకుంటుంది. ఎంచుకుంటే 0, రద్దు చేస్తే 1 అని జెనిటీ సంకేతం కూడా ఇస్తుంది. మాక్‌లో అయితే ‘ఓఎస్ఏస్క్రిప్ట్’ అనే కమాండ్‌కు ‘చూజ్ ఫైల్’ అని చెప్పాలి. అది చిరునామాలో ఏటవాలు గీతల బదులు కోలన్లు పెడుతుంది. పాత మాక్‌ల అలవాటు అది!