ర్యాంపు మీద ఐదు నిమిషాలు: ఇటాచీ, ట్రైలర్ ఉన్న ఇళ్ళవారు తప్పక చూడవలసిన విషయాలు



పోయిన వానాకాలంలో మన సంఘం ఆఫీసుకు ఒక సహాయ అర్జీ వచ్చింది. మదనపల్లె వైపు నుంచి వచ్చి హొసకోట దగ్గర ట్రైలర్ మీద పనిచేస్తున్న ఒక క్లీనర్ కుర్రాడి తల్లి పెట్టుకున్న అర్జీ అది. ఇటాచీని దించడానికి ర్యాంపు కిందికి వదులుతుండగా కీలు దగ్గరి పిన్ను ఊడిపోయింది. ర్యాంపు ఒక్కసారిగా పడి పిల్లవాడి పాదం నలిగింది. ఆస్పత్రి ఖర్చుకు మనవాళ్ళంతా తలా కొంత వేసుకుని ఇచ్చాం.

గుమాస్తాగా ఫైళ్ళు తిరగేసిన అలవాటు నాకు ఇంకా పోలేదు. బండి యజమానిని ఖర్చుల పుస్తకం చూపించమన్నాను. ఆయనా మనవాడే, మంచివాడే. టైర్లు, డీజిల్, ఇంజన్ ఆయిల్, ఇన్సూరెన్స్, అన్నిటికీ బిల్లులున్నాయి. ర్యాంపు పద్దు కింద రెండేళ్ళలో ఒక్క రూపాయి కూడా లేదు. "అది ఇనుప పలకే కదా సార్, దానికేం చేస్తాం?" అన్నాడు. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. తర్వాత తెలిసిన ఆపరేటర్లను అడిగి, యంత్రాల మాన్యువల్స్ చదివించుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మట్టిపని మన బెంగళూరు తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. భూమిని తవ్వే యంత్రాలు చేసే బీఈఎంఎల్ కంపెనీ 1964లో ఈ ఊళ్ళోనే మొదలైంది. దాని పెద్ద కర్మాగారం మన కోలారు జిల్లా కేజీఎఫ్‌లో ఉంది. ఈ రోజు నగరం చుట్టూ ఎక్కడ పునాది తవ్వినా అక్కడ ఒక తెలుగు ఆపరేటరో, తెలుగు కాంట్రాక్టరో కనబడతాడు. టైర్ల జేసీబీ తనంతట తానే రోడ్డు మీద పోతుంది. గొలుసు చక్రాల ఎక్స్‌కవేటర్, అంటే మనం ఇటాచీ, పొక్లెయిన్ అనేది, అలా పోలేదు. సైటు మారిన ప్రతిసారీ ట్రైలర్ ఎక్కాలి, దిగాలి. ఆ ఎక్కి దిగే ఐదు నిమిషాలే అన్నిటికంటే ప్రమాదం.

వాలు లెక్క

ముందు వాలు సంగతి. ర్యాంపు వాలు 15 డిగ్రీలు దాటకూడదని యంత్రం కంపెనీల మాన్యువల్స్‌లో సాధారణంగా ఉంటుంది. డిగ్రీలు కొలిచే సాధనం మన దగ్గర ఉండదు కాబట్టి ఒక సులువు గుర్తు పెట్టుకోండి: ట్రైలర్ ఎత్తుకు ర్యాంపు పొడవు నాలుగింతలైనా ఉండాలి. ఎత్తు మీటరైతే ర్యాంపు నాలుగు మీటర్లు.

అదే ఎత్తుకు రెండున్నర మీటర్ల ర్యాంపు వేస్తే వాలు సుమారు 24 డిగ్రీలు అవుతుంది. 20 టన్నుల యంత్రాన్ని 15 డిగ్రీల వాలు మీద కిందికి లాగే బరువు సుమారు 5 టన్నులు. 24 డిగ్రీలైతే అది 8 టన్నులు. ఆ 8 టన్నులనూ ఆపవలసింది గొలుసు పట్టు ఒక్కటే. ఇనుము మీద ఇనుము, దాని మీద వాన నీళ్ళు, ఎర్రమట్టి, గ్రీజు చేరితే ఆ పట్టు ఏపాటిదో మీరే ఊహించండి. అందుకే ర్యాంపు మీద చెక్క పలకలు బిగించుకోవడం మంచిది. ఎక్కించే ముందు గొలుసుల్లోని మట్టినీ, ర్యాంపు మీది మట్టినీ గీకి పారేయాలి.

ర్యాంపు పొట్టిదైతే ఏం చేయాలి? వెనక నేల కాస్త ఎత్తుగా ఉన్న చోట బండిని ఆపండి. నేల 40 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే, రెండున్నర మీటర్ల ర్యాంపే సరిపోతుంది. అయితే ట్రైలర్ నిలిచిన చోటు మాత్రం సమంగా ఉండాలి, ర్యాంపు కాలు ఆనే నేల గట్టిగా ఉండాలి. కొందరు ర్యాంపు లేకుండా బకెట్‌ను నేలకు ఆనించి యంత్రాన్ని తన చేతి బలంతోనే లారీ మీదికి ఎక్కిస్తారు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. దయచేసి మీ బండి దగ్గర అది జరగనివ్వకండి.

ఎక్కించేటప్పుడు

యంత్రం ట్రైలర్ తోక మీదికి రాగానే తోక కుంగుతుంది, ముందు భాగం పైకి లేస్తుంది. అప్పుడు లాగే బండి వెనక చక్రాల మీద బరువు తగ్గి, బ్రేకు వేసి ఉన్నా బండి కదిలే అవకాశముంది. అందుకని హ్యాండ్ బ్రేకుతో పాటు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. ట్రైలర్ తోక కింద ఆనింపు కాళ్ళు దించాలి. అవి లేకపోతే బలమైన చెక్క దిమ్మలు పేర్చాలి.

రెండు ర్యాంపుల మధ్య దూరం గొలుసుల మధ్య దూరానికి సరిపోవాలి. యంత్రం నేల మీద ఉన్నప్పుడే దాన్ని నిటారుగా పెట్టుకోవాలి. ర్యాంపు మీద స్టీరింగ్ తిప్పకూడదు, పైభాగాన్ని గిర్రున తిప్పకూడదు. వంకర పోయిందనిపిస్తే మెల్లగా నేల మీదికి దిగి, సరిచేసుకుని మళ్ళీ ఎక్కాలి. తక్కువ స్పీడు గేరు, బకెట్ కిందికి దగ్గరగా, సీటు బెల్టు పెట్టుకుని వెళ్ళాలి. పై అంచు దగ్గర బరువంతా ఒక్క గీత మీద నిలిచి, యంత్రం ఒక్కసారిగా ముందుకు ఒరుగుతుంది. అక్కడ నత్తలా నడపాలి.

మనుషుల సంగతి అన్నిటికంటే ముఖ్యం. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. ఆపరేటర్‌కు కనబడుతూ, యంత్రం పక్కకు పడినా తగలనంత దూరంలో ఉండాలి. ర్యాంపు పక్కన, వెనక ఎవరూ నిలబడకూడదు. ర్యాంపు దించేటప్పుడు దాని కింద, దాని ముందు కాలు పెట్టకూడదు. పైకెత్తిన ర్యాంపును హైడ్రాలిక్ ఒక్కటే పట్టుకుని ఉంటే దాని కిందికి పోకూడదు. గొలుసో, పిన్నో తగిలించాకే దగ్గరికి వెళ్ళాలి.

ఇనుప పలకకు చేయవలసిన పని

ఇప్పుడు ఆ యజమాని అడిగిన ప్రశ్నకు వస్తాను.

ప్రతిసారీ వాడేముందు పిన్నులు, వాటి లాకులు చూడాలి. పిన్ను పోతే అదే సైజు అసలు పిన్ను వేయాలి. మేకు దూర్చి తీగ చుట్టడం మరమ్మతు కాదు. మన కుర్రాడి విషయంలో జరిగిందదే.

వారానికోసారి కీళ్ళకు గ్రీజు పెట్టాలి. కీలు బిగుసుకుంటే ర్యాంపును కొట్టి, తన్ని దించుతారు, అప్పుడే అది అదుపు తప్పుతుంది. స్ప్రింగు ర్యాంపు రోజురోజుకీ బరువెక్కినట్టు అనిపిస్తే స్ప్రింగు సడలిందని అర్థం. హైడ్రాలిక్ గొట్టాలు చెమ్మగా ఉన్నా, ఉబ్బినా మార్చేయాలి. కారుతున్న చోటును చేత్తో తడమకండి, ఒత్తిడి మీదున్న ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

నెలకోసారి కడిగి, టార్చి వేసి వెల్డింగులన్నీ చూడాలి. రంగు మీద సన్నటి గీత, దాని వెంట తుప్పు మరక కనిపిస్తే అది పగులు. పగులు మీద పూత పూసినట్టు వెల్డింగు చేస్తే లోపల పగులు అలాగే ఉంటుంది. దాన్ని పూర్తిగా గ్రైండు చేసి తీశాకే నింపాలి. ర్యాంపు ఏ రకం ఉక్కుతో చేశారో, దానికి ఏ రాడ్డు వాడాలో ట్రైలర్ కట్టిన వాళ్ళనే అడగండి. వంగిన ర్యాంపును వాడకండి. అది మోయగల బరువును దాని మీదే పెద్ద అంకెలతో రాయించండి.

యజమాని బాధ్యత

చివరగా కాగితాల మాట, అది నాకు తెలిసిన పని. వాహనానికి లోడింగ్, అన్‌లోడింగ్ చేసేవారిని 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలోనే చేర్చారు. చట్టాల పేర్లు మారినా పనిలో దెబ్బ తగిలినవాడి పట్ల యజమాని బాధ్యత మారలేదు. మీ పాలసీలో డ్రైవర్‌తో పాటు క్లీనర్ కూడా ఉన్నాడో లేదో ఈ రోజే తీసి చూడండి. ఖర్చుల పుస్తకంలో 'ర్యాంపు' అని ఒక పద్దు తెరవండి. చూసిన తేదీ, చూసినవారి సంతకం పెట్టండి. రాసే అలవాటుంటే చూసే అలవాటు వస్తుంది.

పైన చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి సంఘం ఆఫీసులో ఉంచాను. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. క్యాబిన్‌లో అంటించండి, చదవడం రాని పిల్లలకు చదివి వినిపించండి.

ఆ కుర్రాడు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. మొన్న ఆఫీసుకు వచ్చినప్పుడు ఈ కాగితం చూపిస్తే, పిన్ను గురించి రాసిన వాక్యం దగ్గర వేలు పెట్టి, "ఇది ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది సార్" అన్నాడు. పిన్ను ఖరీదు ఎంతని ఆ యజమానిని అడిగాను. ఆయన తల దించుకున్నాడు.

ఇట్లు,
మీ సంఘం కార్యదర్శి, బెంగళూరు