మూట కట్టుటలో శ్రద్ధ

మన సంఘములలో నూలు నాణ్యమును, రంగు నిలకడను చూచినంత శ్రద్ధగా మూట కట్టుటను చూచుట లేదు. ఇంటిల్లిపాది నెలల తరబడి పడిన కష్టము ఒక ముడి మీద ఆధారపడి ఊరు దాటుచున్నదని మరచుచున్నాము. ఈ సంగతి మాకు నష్టపడిన మీదటగాని తెలియలేదు.

మల్లట్ నుండి మా సరుకు రోడ్డు మార్గమున రాయచూరు చేరి, అక్కడ లారీ మారి దూరపు ఊళ్లకు పోవును. రెండేండ్ల క్రిందట వానకాలములో, నూలు బేళ్లకు వచ్చిన పాత ఇనుప పట్టీలు ఊరక పడియున్నవి గదా అని చీరల మూటకు వానినే బిగించితిమి. దారిలో మూట తడిసినది. త్రుప్పు గోనెపట్టాను దాటి చీరలకు దిగినది. పట్టీ అంచు ఒరసిన చోట మడతలు తెగినవి. 11 చీరలు తిరిగి వచ్చినవి. ఆ సొమ్మును నేసినవారి మజూరీలో కోయవలెనని పాలకవర్గ సమావేశములో ఒక మాట లేచినది. చీర కొలిచి, చూచి, లెక్కకు వ్రాసికొన్నప్పుడే నేసినవారి బాధ్యత తీరినది. మూట కట్టినది సంఘము, నష్టము సంఘమే భరించవలెనని మేము పట్టుబట్టితిమి. అట్లే జరిగినది. నాటినుండి ఏ కట్టు దేనికి తగునో చూచి తెలిసికొనుచున్నాము.

సుతిలి, నారతాడు: చవుక, చేతితో బిగించవచ్చును. కాని నార తడిసిన బిగిసి మూట అంచులను కోయును, ఆరిన వదులగును. ముడి వేసిన చోట తాటి బలము సగము వరకు తగ్గవచ్చును. దగ్గరి ఊళ్లకు, పొడి దినములలో చాలును.

ఇనుప పట్టీ: సాగదు, బలమైనది. 400 పౌన్ల, అనగా సుమారు 181 కిలోల పాతకాలపు నూలు బేలునకు తగినదే. చీరల మూటకు మాత్రము వలదు.

ప్లాస్టిక్ పట్టీలు: ఇవి రెండు రకములు. పాలీప్రొపిలీన్ పట్టీ చవుక, తేలిక, అట్టపెట్టెలకు బాగుండును. అయితే బిగించి యుంచిన కొలది సాగి పట్టు సడలును, ఎండకు పెళుసగును. పాలియెస్టర్ పట్టీ ధర ఎక్కువ; పట్టు చాలకాలము నిలుచును, త్రుప్పు భయము లేదు. మనమెరిగిన పాలియెస్టర్ నూలు ఏ పదార్థమో ఇదియు అదే. బరువైన చిలపల నూలు బేళ్లకు దీనిని వాడవచ్చును. బిగించు పనిముట్టును నాలుగు సంఘములు కలసి కొనుట మేలు.

నవారు: మంచములకు అల్లు ఈ పట్టీయే చీరల మూటకు మాకు బాగుగా కుదిరినది. వెడల్పుగా నుండుటచే ఒత్తిడి ఒకచోట పడదు, మడత తెగదు. ఇదియు నూలే గనుక తడవకుండ చూడవలెను. తిరిగి వచ్చిన మరల వాడవచ్చును.

ఏ కట్టైనను ముందు లోపల ప్లాస్టిక్ కాగితము, పైన గోనెపట్టా చుట్టి, మూలలకు మందపు అట్ట పెట్టవలెను. నిలువున రెండు, అడ్డముగా రెండు కట్లు వేయవలెను. జరీ చీరలను అతిగా బిగించిన మడత మచ్చ పోదు.

లారీలో ఎక్కించుటయు మన పనియే. యూరపు దేశముల ప్రమాణము ప్రకారము, బ్రేకు వేసినపుడు సరుకు తన బరువులో 80 శాతము బలముతో ముందుకును, మలుపులో 50 శాతముతో ప్రక్కకును త్రోయునని ఎంచి కట్టవలెను. అనగా 50 కిలోల మూట 40 కిలోల బలముతో ముందుకు పోజూచును. కావున మూటను ముందు పలకకు ఆనించి, సందు లేకుండ పేర్చి, తరువాతనే తాడు వేయించవలెను. టార్పాలిన్ వానను ఆపునుగాని మూటను ఆపదు.

సోదరులారా, కట్టునకు మిగిల్చిన పది రూపాయలు మాకు 11 చీరలను పోగొట్టినవి. ఇక మీదట మూటను రెండు చేతులతో ఊపి చూడనిదే రవాణా చీటీపై సంతకము చేయరాదని మా సంఘములో నియమము పెట్టుకొంటిమి. మీరును పెట్టుకొనుడు.