పడవ ఇంజను పోషణ: మనమే చేసికొనుటయా, షాపున కిచ్చుటయా?

గోదావరి లంకలలో సాగుచేయు సభ్యులకు పడవ యనగా ఎడ్లబండివంటిదే. అరటిగెలలు, కూరగాయలు, ఎరువుబస్తాలు, బడికి పోవు పిల్లలు, అందరును అన్నియు దానిమీదనే యేరు దాటవలెను. గెడకును తెరచాపకును బదులుగా నేడు చాల పడవలకు డీజిలు ఇంజను అమరియున్నది. ఎద్దు మేత మానినచో రైతు ఆ పూటనే కనిపెట్టును. ఇంజను జబ్బు మాత్రము అది నడియేట నాగిపోవువరకు కనిపెట్టడు.

నూనె, ఫిల్టరు మార్చుట మొదలగు పనులకు షాపువానికి కూలి యేల యీయవలెను, మేమే చేసికొనరాదా యని పలువురు సభ్యులు నన్నడుగుచున్నారు. చేసికొనవచ్చును, చేసికొనవలెను కూడ. కూలి మిగులుట నిజమే. ఇంజనును దింపి పట్టణమునకు చేర్చు ఖర్చును, పడవ కదలని దినములును మిగులును. కాని ముఖ్యకారణ మది కాదు. షాపువాడు ఇంజనును ఏటికి ఒకటి రెండుమారులు చూచును. మీరు దినదినము చూతురు. చెడుగు పుట్టునది ఆ నడుమనే.

కొన్నియేండ్ల క్రిందట, ఎఱ్ఱనీరు దిగుచున్న దినములలో, అరటితోటల నష్టము చూచుటకై నేనొక లంకకు పోవుచుంటిని. వశిష్ఠ నడుమ ఇంజను రెండుమారులు దగ్గి యాగిపోయెను. పడవలో తొమ్మండుగురము. వడికి పడవ అడ్డము తిరిగెను. సరంగు తెడ్డు వేయగా, తక్కినవారము దొరికిన పలకలతో నీరు త్రోయుచు, చాలదూరము దిగువకు కొట్టుకొనిపోయి తుమ్మకొమ్మ పట్టుకొని ఒడ్డు చేరితిమి. ఆ ఇంజను పదిదినములకు ముందే షాపునుండి వచ్చినది. బిల్లులో క్రొత్త ఫిల్టరు వెల యున్నది. విప్పి చూడగా పాతదే, మడ్డిపట్టి యున్నది. షాపువానిది తప్పే. కాని పడవ యజమానికి దానిని విప్పి చూచుట తెలియదు. నాకును అప్పటికి తెలియదు. ఊరూర యంత్రములు చూపించుట నా యుద్యోగము!

డీజిలు ఇంజను ఆగుటకు తఱచుగా కారణము డీజిలులోని మడ్డి, నీరు, గాలి. డీజిలును వడగట్టి పోయుడు. రాత్రివేళ ట్యాంకు నిండుగా నుంచినచో లోపల తేమ చేరి నీరగుట తగ్గును. ఫిల్టరు మార్చినపుడు, లేక ట్యాంకు ఎండిపోయినపుడు, గొట్టములో గాలి చేరును. ఎంత త్రిప్పినను ఇంజను పలుకదు. అప్పుడు ఫిల్టరుమీది గాలి వదలు స్క్రూను కొంచెము వదులుచేసి చేతిపంపు నొక్కవలెను. ముందు నురుగు వచ్చును. బుడగలు లేని ధార వచ్చిన తరువాత స్క్రూ బిగించి, డీజిలు పంపుమీది స్క్రూయొద్ద మరల అట్లే చేయవలెను. ఈ పని పగటివేళ ఒడ్డున నాలుగుమార్లు చేసి నేర్చికొన్నవాడు నడియేట దిగులుపడడు.

ఇంజనునూనెను పడవ కదలకుండ కట్టి, ఇంజను ఆపి కొంతసేపు తాళి, కొలతపుల్ల తుడిచి చూడవలెను. నూనె పాలవలె తెల్లబడిన యెడల లోనికి నీరు దిగినదని యర్థము, ఇక నడుపరాదు. మార్చవలసిన గడువు ఇంజనుతో వచ్చిన పుస్తకములో నుండును. చిన్న ఇంజనులకు సాధారణముగా 100 గంటలు మొదలు 250 గంటలవరకు. ఇంజను గోరువెచ్చగా నున్నపుడు మార్చినచో మడ్డి నూనెతో కూడ దిగును. పడవలో అడుగుబిరడా చేతికందనిచో, కొలతపుల్ల రంధ్రముగుండ చిన్న చేతిపంపుతో పీల్చవచ్చును. ఆ పాతనూనెను ఏటిలో పోయకుడు. దిగువవారు త్రాగునది ఆ నీరే. డబ్బాలో నిలువచేసి, పాతనూనె కొనువారికిచ్చుడు.

వరదనీటిలో ఒండ్రు హెచ్చు. ఏటినీటితో చల్లబడు ఇంజనునకు నీరు పీల్చు జల్లెడను ప్రతి ప్రయాణమునకు ముందు కడుగవలెను. అంతర్వేదివైపు ఉప్పునీటిలో తిరుగువారు ఇంటికి వచ్చిన పిమ్మట మంచినీటితో ఆ మార్గమును కడుగనిచో ఉప్పు లోహమును తినివేయును.

ఇక మీరు ముట్టకూడని పనులున్నవి. డీజిలు పంపును విప్పకుడు. నాజిలు చిమ్ము ధారకు చేయి అడ్డము పెట్టకుడు: అది చర్మమును చీల్చుకొని లోనికి దిగును, పైకి చిన్న గాటే కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. నీలిపొగ విడువకుండ వచ్చుట, నూనె త్వరగా తగ్గుట, లోపల లోహపు చప్పుడు, ఇవి మేస్త్రీ చూడవలసినవి. మంచి మేస్త్రీకి కూలి యిచ్చుటలో నష్టము లేదు. అతడు పనిచేయునపుడు ప్రక్కన నిలువుడు, మార్చిన పాతసామాను అడిగి తీసికొనుడు. గ్యారంటీ గడువులోని ఇంజనునైతే కంపెనీ షరతులు చదివిన పిమ్మటనే చేయి పెట్టుడు.

నూనె కొనుటలోను, పానాల విషయములోను సంఘము తోడ్పడవచ్చును. పీపాలెక్కన నూనె కొని సభ్యులకు పంచుట, పీల్చుపంపు నొకదానిని ఉమ్మడిగా నుంచుట, వీనిని రాబోవు సభలో ఆలోచింప కోరుచున్నాను. కాని ఒక ఫిల్టరు, రెండు పానాలు, టార్చిలైటు, నడచిన గంటలు వ్రాసికొను పుస్తకము ఎవరివి వారికే యుండవలెను, అదియు ఇంటిలో గాక పడవలోని పెట్టెలో.