తామర వెనుక సూక్ష్మజీవుల పోరు

ఎంత శుభ్రంగా కడిగినా మనిషి చర్మం సూక్ష్మజీవులు లేని ప్రదేశం కాదు. ప్రతి చదరపు సెంటీమీటరులోనూ లక్షల సంఖ్యలో బాక్టీరియా నివసిస్తుంది. వీటిలో చాలా వరకు హానికరం కావు. కొన్నయితే చర్మానికి కాపలా కూడా కాస్తాయి.

పసిపిల్లల్లో తరచుగా కనిపించే ఎగ్జిమాలో, అంటే అటోపిక్ డెర్మటైటిస్‌లో, ఈ సమతుల్యత చెదిరిపోతుంది. 2016లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం సుమారు 70 శాతం రోగుల్లో వ్యాధి ఉన్న చోట స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా కనిపించింది. ఇది విడుదల చేసే విషపదార్థాలు వాపును, దురదను పెంచుతాయి. దురదతో గోకినకొద్దీ చర్మపు పొర చిట్లుతుంది, ఆ పగుళ్లలో అదే బాక్టీరియా మరింత వృద్ధి చెందుతుంది.

దీనిని అదుపు చేయడానికి యాంటీబయోటిక్ వాడితే మేలు చేసే బాక్టీరియా కూడా నశిస్తుంది. అందుకే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాండియాగోలో రిచర్డ్ గాలో బృందం మరో మార్గం ఎంచుకుంది. ఆరోగ్యవంతుల చర్మంపై ఉండే స్టెఫైలోకాకస్ హోమినిస్‌లో ఒక రకం సహజంగానే ఆరియస్‌ను చంపుతుంది. దానిని లేపనంగా చేసి 54 మంది పెద్దలపై వారం రోజులు పరీక్షించగా, చికిత్స సురక్షితమని తేలింది, ఆరియస్ కూడా తగ్గింది. అయితే వ్యాధి తీవ్రత అందరిలోనూ తగ్గలేదు. ఎవరి చర్మంపైనున్న ఆరియస్ ఈ బాక్టీరియాకు లొంగిందో వారిలోనే స్పష్టమైన మెరుగుదల కనిపించింది. ఈ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. రోసియోమోనాస్ మ్యూకోసా అనే మరో బాక్టీరియా తొలి పరీక్షల్లో ఆశలు రేపినా, అదే ఏడాది పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మందు కంటే మెరుగని నిరూపించుకోలేకపోయింది. కాబట్టి ఇటువంటి లేపనాలను ఇప్పుడే ఖాయమైన చికిత్సగా భావించరాదు.

తెలుగువారికి ఇక్కడ ఒక అదనపు చిక్కు ఉంది. ‘తామర’ అనే ఒకే మాటను ఎగ్జిమాకూ, ఫంగస్ వల్ల వలయాకారంలో వచ్చే మచ్చలకూ వాడతారు. ఈ రెండింటికీ చికిత్స వేర్వేరు. ఎగ్జిమాకు వైద్యులు సూచించే స్టెరాయిడ్‌ను ఫంగస్ మచ్చపై పూస్తే, దురద కొన్నాళ్లు తగ్గినా లోలోపల ఫంగస్ విస్తరిస్తుంది. స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు కలగలిపిన క్రీములను వైద్యుని చీటీ లేకుండానే కొని పిల్లలకు పూసే అలవాటు ఈ కారణంగానే ప్రమాదకరం. అనుమానం ఉన్న చోట చర్మపు పొట్టును గీకి తీసి మైక్రోస్కోపు కింద పరీక్షిస్తే, ఫంగస్ ఆనవాళ్లు కొద్దిసేపట్లోనే బయటపడతాయి.