పాట మారితే ఫిర్యాదు ఎవరికి?



మా బడి వార్షికోత్సవానికి పాటలు ఎంచుతున్నాం. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, 'రంగబతి' వేద్దామండీ. టీవీలో వచ్చిందే!" అన్నాడు. "ఆ పాట టీవీది కాదురా, మా చిన్నతనంలో రేడియోలో విన్నాం" అన్నాను. వాడు నమ్మలేదు. తాను విన్నదే అసలు పాట అనుకున్నాడు.

ఆ కుర్రాడి మాట పట్టుకుని ఈ పూట రెండు సంగతులు చెప్పుకుందాం. ఒకటి, పాత పాటను కొత్తగా పాడేటప్పుడు ఉండే హక్కులు. రెండు, టీవీలో వచ్చింది సరిగా లేదనిపిస్తే ఫిర్యాదు చేసే పద్ధతి.

'రంగబతి' సంబల్‌పురి పాట. ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడే మనకు పెళ్ళి బ్యాండు మేళంలో బాగా పరిచయమైనదే. రాసినవారు మిత్రభాను గౌంతియా. స్వరపరచినవారు ప్రభుదత్త ప్రధాన్. పాడినవారు జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్. 1970లలో సంబల్‌పూర్ ఆకాశవాణిలో వినిపించి, తర్వాత గ్రామఫోను రికార్డుగా ఊరూరా తిరిగింది.

2015లో ఎం టీవీ వారి 'కోక్ స్టూడియో' కార్యక్రమంలో సోనా మహాపాత్ర, రితురాజ్ మహంతి ఈ పాట పాడారు. రామ్ సంపత్ దానికి కొత్త సంగీతం సమకూర్చారు. మధ్యలో ర్యాప్ కూడా చేర్చారు. కుర్రకారు మురిసిపోయారు. పాట రాసినవారూ, స్వరకర్తా మాత్రం తమ అనుమతి తీసుకోలేదనీ, పాటను వికృతం చేశారనీ లాయరు నోటీసు పంపారు.

ఒకరి పాటను ఇంకొకరు పాడడమే తప్పా అంటే, కాదు. దీన్నే కవర్ వెర్షన్ అంటారు. రాక్ సంగీతంలో ఇది పాత అలవాటు. 1967లో బాబ్ డిలన్ నెమ్మదిగా పాడిన ఒక పాటను మరుసటి ఏడు జిమీ హెండ్రిక్స్ ఎలక్ట్రిక్ గిటారు మీద ఉధృతంగా పాడాడు. తర్వాత డిలన్ కూడా కచేరీలలో ఆ ఫక్కీలోనే పాడసాగాడు. కొత్త గొంతు పాత పాటకు ఆయుష్షు పోయగలదు.

అయితే మన దేశంలో దీనికి హద్దులున్నాయి. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదేళ్ళు గడిస్తే ఇతరులు ఆడియో కవర్ వెర్షన్ చేయవచ్చు. ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. ఇది కవర్ వెర్షన్ అని అట్టమీద రాయాలి. పాత గాయకుల పేరూ బొమ్మా వేసి కొనేవారిని భ్రమపెట్టకూడదు. ఇక 57వ సెక్షను ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. తన పరువుకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది.

కాబట్టి ఫిర్యాదు రాసేముందు అది ఏ రకమైనదో తేల్చుకోవాలి. పాట మనకు నచ్చకపోవడం ఒకటి. అది అభిప్రాయం, కార్యక్రమం వారికి ఉత్తరం రాస్తే చాలు. హక్కుల తగాదా రెండోది. అది హక్కుదారులు తేల్చుకోవలసింది, మన ఉత్తరంతో తెగదు. ప్రసారంలో అసభ్యతో, ఒక కులాన్నో మతాన్నో కించపరచడమో ఉంటే అది మూడోది. కేబుల్ టీవీ నిబంధనల్లోని ప్రోగ్రాం కోడ్ ఇలాంటి వాటికోసమే ఉంది.

ఈ మూడో రకానికి 2021లో మూడు మెట్ల పద్ధతి ఏర్పడింది. మొదట ఆ చానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అందినట్టు 24 గంటల్లో వారు తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పింది తృప్తిగా లేకపోయినా, మరో 15 రోజుల్లోగా ప్రసారసంస్థల స్వీయ నియంత్రణ మండలికి అప్పీలు చేసుకోవచ్చు. మూడో మెట్టు కేంద్ర ప్రభుత్వం.

నేనూ ఒకసారి ఒక చానల్‌కు రెండు పేజీల ఉత్తరం రాశాను. కోపమంతా వెళ్ళగక్కాను గానీ ప్రసారమైన తేదీ, వేళ రాయడం మరిచాను. తేదీ లేని ఫిర్యాదు చిరునామా లేని ఉత్తరమే కదండీ! మీరు అలా చేయకండి. చానల్ పేరు, కార్యక్రమం పేరు, తేదీ, వేళ, మీరు చూసిన దృశ్యం లేదా విన్న మాట, మీ అభ్యంతరం, మీరు కోరేది - ఇవన్నీ ఒక్క పేజీలో రాయండి. ఒక నకలు దగ్గర ఉంచుకోండి.

ఒక్క సంగతి మాత్రం ఏ మండలికీ రాయనక్కర లేకుండా మన చేతుల్లోనే ఉంది. పాట పాడించేటప్పుడు దాన్ని కన్నవారి పేరు చెప్పడం. మన కోరాపుట్ కొండల్లో ధింసా ఆటకు పాడే పాటలున్నాయి. వాటికి రచయిత పేరు ఉండదు, నోటీసు పంపేవారూ ఉండరు. కనీసం ఇది ఫలానా ఊరివారి దగ్గర విన్న పాట అని చెబితే వారి వంతు వారికి దక్కుతుంది.

మా వార్షికోత్సవంలో 'రంగబతి' వేశాం. పాటకు ముందు ఆ కుర్రాడే మైకు దగ్గరకు వచ్చి, రాసినవారి పేరూ, స్వరకర్త పేరూ, మొదట పాడిన ఇద్దరి పేర్లూ తప్పు లేకుండా చదివాడు.